కారుకీ లింకు డాక్యుమెంట్లు ఉంటాయి

కైకలూరు చుట్టుపక్కల అరెకరం చేపల చెరువు కొనబోయే మనిషి ముందు నీళ్ళు చూడడు, కాగితాలు చూస్తాడు. అమ్మేవాడికి అది ఎవరి నుంచి వచ్చింది, వాళ్ళకి ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో అన్నదమ్ముల పంపకాలు ఏమైనా జరిగాయా, బ్యాంకులో తాకట్టు ఉందా అని ఆరా తీస్తాడు. ఈసీ తీయిస్తాడు, అడంగల్ చూస్తాడు, తెలిసిన ప్లీడరుకి చూపిస్తాడు. లింకు డాక్యుమెంట్లు వరసగా కుదిరాకే బయానా ఇస్తాడు. ఇంత చేసిన మనిషిని ఎవరూ చాదస్తుడనరు. కొల్లేరు పక్కన ఉండి అలా అనడం కుదరదు కూడా. 1999లో ఐదో కాంటూరు వరకూ 77,138 ఎకరాలను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దు లోపలి చెరువు గట్లు తెగ్గొట్టారు. అందులో జిరాయితీ ఎంత, సర్కారు భూమి ఎంత అన్న తగువు ఇంకా తెమలలేదు. కాగితం విలువ ఏమిటో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అదే మనిషి, ఒక పాత కారు ఎవరి చేతుల మీదుగా ఎవరికి చేరిందో కనుక్కోవడానికి ఊరూరా తిరిగేవాణ్ణి చూస్తే నవ్వుతాడు. “పాత ఇనుముకి జాతకం రాయిస్తున్నాడండీ” అంటాడు. నవ్వేది అతనొక్కడే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. చదువుకున్నవాళ్ళూ అదే అంటారు. అరుదైన స్పోర్ట్స్ కార్ల పూర్వాపరాలు తవ్వడం డబ్బెక్కువైనవాళ్ళ సరదా అట. రాజులకీ నవాబులకీ చేసే భజన అట. మన ఊళ్ళకి అందులో సంబంధమే లేదట. ఈ మూడు మాటలూ ఎంత వాడుకలో ఉన్నాయో అంత తప్పు.

ముందు డబ్బు సంగతి. 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలో జరిగిన వేలంలో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. పిచ్చికి రుజువుగా అందరూ ఈ అంకెనే చూపిస్తారు. ఆ అంకె ఎందుకు పలికిందో మాత్రం ఎవరూ అడగరు. 1962 నుంచి 1964 దాకా ఫెరారీ చేసిన జీటీఓలు 36. ఆ రేకు వంపు, ఆ ఇంజను, ఆ కూత అచ్చు గుద్దినట్టు చేసిపెట్టే పనివాళ్ళు ఇటలీలోనూ ఇంగ్లండులోనూ ఉన్నారు. వాళ్ళు చేసిన నకళ్ళు రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. పక్కపక్కన నిలబెడితే మామూలు కంటికి తేడా దొరకదు. కోట్ల తేడా అంతా ఒక ఛాసిస్ నంబరులో ఉంది: 3413 జీటీ. ఆ నంబరు గల కారును ఏ పందెంలో ఎవరు నడిపారు, తరవాత ఎవరికి అమ్మారు, బాడీ ఎప్పుడు మార్చారు అన్నది ఏడాది ఏడాదికీ చెప్పగలగబట్టే అది జీటీఓ. ఆ వరస రాసిపెట్టింది వేలంలో చెయ్యెత్తిన కోటీశ్వరుడు కాదు. పాత పందేల ఫొటోలు భూతద్దంతో చూసి, ముసలి మెకానిక్కులకు ఉత్తరాలు రాసి, అమ్మకం రసీదులు పోగుచేసినవాళ్ళు. వాళ్ళలో చాలామంది అలాంటి కారు తలుపు కూడా తీసి ఎరగరు. రిజిస్ట్రారాఫీసు ముందు అరుగు మీద కూర్చుని ఇతరుల ఆస్తులకు దస్తావేజులు రాసే లేఖరిని జమీందారు అనుకుంటే ఎలా ఉంటుందో, వీళ్ళని డబ్బున్నవాళ్ళ జాబితాలో వేస్తే అలా ఉంటుంది.

ఈ పని చేసేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఇంకో ఫెరారీ చెబుతుంది. 375 ప్లస్ అనే పందెం కారు, ఛాసిస్ నంబరు 0384 ఏఎం. 1980లలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒకరి పెరట్లోంచి పోయి, బెల్జియంలో తేలింది. బెల్జియంలో కొన్నవాళ్ళకొక వరస కాగితాలు, అమెరికాలో పోగొట్టుకున్నవాళ్ళకొక వరస కాగితాలు. తగువు ఏళ్ళ తరబడి సాగింది. చివరికి ఇరుపక్షాలూ రాజీపడ్డాకే 2014లో ఇంగ్లండులో వేలానికి వచ్చి, కోటి పౌండ్లు దాటి పలికింది. కథలోంచి ఫెరారీని తీసేసి పంపుసెట్టో పవర్ టిల్లరో పెట్టండి, మండవల్లి పోలీసుస్టేషన్లో పంచాయితీ అయిపోతుంది. పోయిన బండి నంబరును ఆకురాయితో గీకేసి అమ్మడం మనకి తెలియని విద్యేమీ కాదు కదా.

అన్నట్టు, ఈ నంబర్ల లోకం చూసినంత పొడిగా ఉండదు. ఎంజీ కంపెనీ తన స్పోర్ట్స్ కార్లకు నంబర్లు 0251 నుంచి మొదలుపెట్టేది. ఎందుకు 1 నుంచి కాదు? ఆబింగ్డన్‌లోని ఆ ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబరు 251. ఎవరో సరదా పడ్డారు. అది సంప్రదాయమై కూర్చుంది. ఈ సంగతి తెలియనివాడు ఎంజీ టీసీ 0260ని రెండువందల అరవయ్యో కారు అనుకుంటాడు. తెలిసినవాడు పదో కారు అని గుర్తుపట్టి ఎగిరి గంతేస్తాడు. రోల్స్‌రాయిస్ ఒక్కో ఛాసిస్‌కీ ఒక కార్డు రాసేది: బాడీ కట్టింది ఎవరు, పంపింది ఎప్పుడు, కొన్నది ఎవరు. ఇంగ్లండులోని ఆ కార్ల అభిమానుల క్లబ్బు హంట్ హౌస్ అనే భవనంలో అలాంటి రికార్డుల్ని దాచి ఉంచింది. పాత జాగ్వార్ ఉన్నవాళ్ళు ఛాసిస్ నంబరు పంపితే, అది ఎప్పుడు తయారైంది, ఏ డీలరుకి వెళ్ళింది, మొదట ఏ రంగు వేశారు అన్నది జాగ్వార్ హెరిటేజ్ ట్రస్టు ధ్రువపత్రంగా రాసిస్తుంది. మన భాషలో చెప్పాలంటే అది కారుకి ఈసీ.

ఇక రాజుల భజన అన్న మాట. ఇది పూర్తిగా తలకిందులు. రాజుల భజన చేసేది చరిత్ర వెతికేవాళ్ళు కాదు, వెతకనివాళ్ళు.

చెత్త బండ్ల కథ వినని తెలుగువాడు ఉండడు. మహారాజుగారు మామూలు బట్టల్లో లండన్ షోరూముకి వెళ్ళారట, సేల్స్‌మన్ చులకనగా చూశాడట, రాజుగారు మర్నాడు దర్జాగా వెళ్ళి ఉన్న రోల్స్‌రాయిస్ కార్లన్నీ కొనేసి, ఊరికి తెచ్చి మునిసిపాలిటీ వాళ్ళకిచ్చి వీధులు ఊడిపించారట, కంపెనీ దిగొచ్చి క్షమాపణ చెప్పిందట. హైదరాబాదులో ఈ కథ చెబితే రాజు నిజాం. రాజస్థాన్‌లో చెబితే ఆళ్వార్ మహారాజు. ఇంకోచోట భరత్‌పూర్, మరోచోట పటియాలా. కార్లు ఒకరు ఆరంటారు, ఒకరు ఏడంటారు. ఒక సంఘటన నాలుగు సంస్థానాల్లో జరిగిందంటే అది సంఘటన కాదు, కట్టుకథ. దీనికి పరీక్ష కూడా తేలిక. ఒకే కొనుగోలుదారు ఒకే దఫాలో ఏడు కార్లు కొంటే, ఏడు కార్డుల మీద ఒకే పేరు ఉండాలి. కథ చెప్పేవాళ్ళు ఆ ఏడు ఛాసిస్ నంబర్లూ ఎప్పుడూ చెప్పరు. ఒక్కటి చెప్పినా చాలు, మిగతాది వెతికేవాళ్ళు చూసుకుంటారు. తెల్లదొరకి బుద్ధి చెప్పిన కథ కాబట్టి మనకి తీపిగా ఉంటుంది, నిజమే. కాని తీపి వేరు, సాక్ష్యం వేరు.

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. 1912 నాటిది, లండన్‌లోని బార్కర్ సంస్థ బాడీ కట్టింది, వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కారు అని పర్యాటకులు ఫొటోలు దిగుతారు. ఆయన చేతికి వచ్చిన మాట నిజమే. కాని ఆర్డరిచ్చింది ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్. ఆ ఆరో నిజాం 1911 ఆగస్టులో కన్నుమూశాడు, తాను చెప్పి చేయించుకున్న కారు చూడకుండానే. ఆడంబరం తండ్రిది, పేరు కొడుక్కి. 1937లో టైమ్ పత్రిక అట్ట మీద లోకంలోకెల్లా ధనవంతుడిగా కనిపించిన ఉస్మాన్ అలీ ఖాన్‌ను పిసినారి అని చెప్పేవాళ్ళే, అదే నోటితో ఈ సింహాసనం కారు ఆయన చేయించుకున్నాడంటారు. రెండూ ఎలా పొసగుతాయని ఎవరికీ అనుమానం రాదు. ఆర్డరు తేదీ అడిగేవాడికి వస్తుంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఒక జాగ్వార్ మార్క్ ఫైవ్ కూడా ఉంది. 1948 అక్టోబరులో లండన్ మోటారు ప్రదర్శనలో ఆ మోడల్ వెలువడిన రోజే, పక్కనే ఎక్స్‌కే 120 అనే స్పోర్ట్స్ కారును కూడా నిలబెట్టారు. జనం అంతా దాని చుట్టూ మూగారు, పాపం మార్క్ ఫైవ్ మరుగున పడింది. ఆ తేదీ పక్కన 1948 సెప్టెంబరు పెట్టి చూడండి. ప్రదర్శన నాటికి హైదరాబాదులోకి భారత సైన్యం ప్రవేశించి నెల దాటింది. అంటే ఆ కారు ఎప్పుడు తయారైనా, నిజాం చేతిలో రాజ్యాధికారం ఉన్న కాలంలో తయారైంది కాదు. రాజ్యం పోయాక వచ్చిన కారు అది. భజన చేసేవాడికి ఈ సంగతి పట్టదు, వెతికేవాడు ఇక్కడే ఆగుతాడు.

కాస్త తెలివైనవాళ్ళు వేరే ప్రశ్న వేస్తారు. ఇంజను మార్చారు, రేకు మార్చారు, సీట్లు మార్చారు. ఇంకేం మిగిలిందని చరిత్ర? ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్ళింది. బెంట్లీ స్పీడ్ సిక్స్ ‘ఓల్డ్ నంబర్ వన్’ కారు 1929లోనూ 1930లోనూ లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. రెండుసార్లూ వుల్ఫ్ బార్నాటో నడిపినవాళ్ళలో ఒకడు. తరవాత దాన్ని మారుస్తూ పోయారు. 1932లో ఎనిమిది లీటర్ల ఇంజను ఎక్కించి బ్రూక్‌లండ్స్‌లో పరుగు తీయిస్తే, ప్రమాదం జరిగి నడిపిన క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మళ్ళీ కట్టారు, మళ్ళీ మార్చారు. 1990లో యజమాని కోటి పౌండ్లకు బేరం కుదుర్చుకున్నాడు. ఇది అసలు కారే కాదు పొమ్మని కొనుగోలుదారు అడ్డం తిరిగాడు. జడ్జి ఆటన్ ముందు నిపుణులు బోల్టు బోల్టుకీ వాదించారు. 1929లో గెలిచిన లోహంలో దాదాపు ఏమీ మిగల్లేదని కోర్టే ఒప్పుకుంది. అయినా తీర్పు అమ్మినవాడి వైపే వచ్చింది. ఆ కారు ఏ రోజూ మాయమై, మరో రోజు కొత్తగా పుట్టలేదు. ఒక మార్పు మీద ఇంకో మార్పు, ఒక యజమాని తరవాత ఇంకో యజమాని, మధ్యలో తెగిన ముడి లేదు. అందుకే అది నకలు కాదు, ఓల్డ్ నంబర్ వనే అని కోర్టు తేల్చింది. అక్కడ గెలిచింది ఇనుము కాదు, వరస. ఈ తీర్పు కొల్లేటి రైతుకి కొత్తగా అనిపించదు. గట్టు ఎన్నిసార్లు తెగి ఎన్నిసార్లు పోసినా, నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా, సర్వే నంబరు అదే అయితే చెరువూ అదే.

మూడో మాట, మన ఊళ్ళకి సంబంధం లేదన్నది. ఇది అన్నిటికంటే చేటు చేసే మాట. దీన్ని నమ్మే మనవాళ్ళు ఆర్సీ పుస్తకాలు పారేశారు.

పాత నంబరు ప్లేటు చదవడం ఒక విద్య. మదరాసు రాష్ట్రంలో ఉన్ననాళ్ళూ ఇక్కడి బళ్ళ నంబర్లు ఎం అక్షరంతో మొదలయ్యేవి. ఆంధ్రప్రదేశ్ వచ్చాక ‘ఏ’ అక్షరం వచ్చింది. మూడో అక్షరం జిల్లాది. కే అంటే కృష్ణా, డబ్ల్యూ అంటే పశ్చిమ గోదావరి, జీ అంటే గుంటూరు. 1989 జూలై నుంచి కొత్త చట్టం కింద కృష్ణాకి ఏపీ 16, పశ్చిమ గోదావరికి ఏపీ 37. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చేసరికి ప్లేటు మీద జిల్లా ఆనవాలే పోయింది. ఆ తరవాత 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి మారింది. కాబట్టి ఏలూరు జిల్లా కైకలూరు వీధిలో ఉన్న పాత ఫియట్‌కి కే అక్షరం కనిపిస్తే అది బయటి బండి కాదు. ఊరే జిల్లా మారింది, బండి మారలేదు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా ఏలూరే కృష్ణా జిల్లాలో ఉండేదన్నది ఇంకో తమాషా. ఇన్ని మలుపులున్న చోట ఒక కారు ఎక్కడెక్కడ తిరిగిందో కనుక్కోవడం, ఆ ప్రాంతం ఎలా చీలిందో కలిసిందో చదవడమే.

పైగా ఇక్కడ ప్లేటూ రిజిస్టరూ చెప్పని సంగతులు ఎక్కువ. ఆర్టీవో ఆఫీసులో బి-రిజిస్టరు నకలు తీస్తే ఒకే యజమాని పేరు కనిపించవచ్చు. కాని 29, 30 ఫారాల మీద ఖాళీ సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండానే బండిని ముగ్గురు నలుగురికి తిప్పే బ్రోకర్ల పద్ధతి ఎవరికి తెలియదు? ఆ నలుగురి పేర్లు ఏ కంప్యూటర్లోనూ ఉండవు. ముసలి డ్రైవరుకి గుర్తుంటాయి. గుడివాడలో ఇంజను దింపిన మెకానిక్కుకి, విజయవాడ ఆటోనగర్లో రేకుపని చేసిన మేస్త్రీకి గుర్తుంటాయి. పెళ్ళి ఫొటోలో పూలు కట్టిన బానెట్టు కనిపిస్తుంది. ఇలాంటి సాక్ష్యం ఇంగ్లండులోని కార్డుల బీరువాలో దొరకదు. ఇక్కడివాళ్ళు ఇక్కడ అడగాలి, అదీ ఆ మేస్త్రీలు ఉండగానే.

స్పోర్ట్స్ కార్లు మన దగ్గర ఎక్కడున్నాయంటారా? మదరాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కోస్తా రోడ్ల మీద చాలానే తిరిగింది. అది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డే. ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి ట్రయంఫ్ కంపెనీ 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది. మన హెరాల్డ్‌కీ ఆ స్పిట్‌ఫైర్‌కీ ఎముకలు ఒకటే. తమిళనాడు దాకా వెళితే, కోయంబత్తూరులో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలున్నాయి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టిన జి.డి. నాయుడు వాళ్ళలోంచి వచ్చినవాడే. ఆయన పేరిట నడిచే సంస్థ అక్కడ పాత కార్ల మ్యూజియం పెట్టింది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి విడిభాగాలతో ఫార్ములా మారుతి పందెం కార్లు కట్టాడు. నారాయణ్ కార్తికేయన్ మొదట చక్రం పట్టింది అలాంటి కారులోనే. అతను 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన చేతి మీద తయారైన ఒక్కో కారూ ఇప్పుడు ఏ షెడ్డులో ఉంది, ఎన్ని చేతులు మారింది అన్న ప్రశ్న, జీటీఓ గురించి అడిగే ప్రశ్నకి ఏ మాత్రం తీసిపోదు. జీటీఓలకైతే లెక్క రాసిన గ్రంథాలున్నాయి.

తెలుగువాళ్ళు మరిచిపోలేని పాత బండి ఇంకొకటి ఉంది. స్పోర్ట్స్ కారు కాదు, 1940ల నాటి షెవర్లే వ్యాను. 1982లో ఎన్టీఆర్ దాని పైకెక్కి రాష్ట్రమంతా తిరిగారు. దాన్ని చైతన్యరథం అన్నారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఆ యాత్ర చరిత్ర నోటికొచ్చినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. దానికి ముందు ఆ షెవర్లే దాదాపు నలభై ఏళ్ళు బతికిన బండి. ఆ నలభై ఏళ్ళు ఎవరి గుమ్మంలో ఉంది, ఏం మోసింది అని అడిగితే వింతగా చూస్తారు. నాయకుడు ఎక్కిన క్షణం నుంచే బండికి చరిత్ర మొదలవుతుందనుకోవడం, ఇదీ అసలైన భజన అంటే.

వెతికేవాళ్ళలో తప్పులు లేవని కాదు. ప్రతి పాత బ్యూక్‌నీ ఏదో జమీందారు కారు అని అంటగట్టి, రేటు పెంచే బ్రోకర్లు వీళ్ళ గుంపులో దూరిపోతుంటారు. పాత యజమాని వారసుల ఇంటికి వేళాపాళా లేకుండా వెళ్ళి, బీరువాలు తీయమని సతాయించేవాళ్ళూ ఉన్నారు. అమ్ముకోవాల్సి వచ్చిన కుటుంబానికి ఆ కారు ఒక పుండు కావచ్చు; అడిగే పద్ధతి ఉంటుంది. అయితే, దొంగ దస్తావేజులు పుట్టించేవాళ్ళున్నారని రిజిస్ట్రేషను ఆఫీసులు మూయలేదు కదా. దొంగ కథని పట్టుకునేది కూడా ఛాసిస్ నంబరు అడిగే మనిషే.

ప్రభుత్వానికి ఈ సంగతి ఆలస్యంగానైనా అర్థమైంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషనుకు 50 ఏళ్ళు దాటి, వ్యాపారానికి వాడని కార్లనూ ద్విచక్ర వాహనాలనూ వింటేజ్ వాహనాలుగా నమోదు చేస్తారు. కొత్తగా నమోదైతే 20,000 రూపాయల రుసుము, ప్లేటు మీద వీఏ అక్షరాలు. ఇదివరకే నంబరున్న బండి అయితే ఆ పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే పాత ఆర్సీ చూపించాలి. విదేశాల నుంచి తెచ్చిన కారుకైతే కస్టమ్స్ కాగితం జతపరచాలి. అంటే ‘పాత ఇనుముకి జాతకం’ అని నవ్విన దాన్నే ఇప్పుడు సర్కారు కౌంటరు దగ్గర అడుగుతున్నారు. అదే ఏడాది ఆగస్టులో స్క్రాపింగ్ విధానం కూడా మొదలైంది. ఒక చేత్తో దాచమంటూ, ఇంకో చేత్తో తుక్కు చేయమంటున్న కాలం ఇది. ఏది దాచాలో ఏది తుక్కు చేయాలో తేల్చడానికి ఆ కాగితాలు తప్ప వేరే ఆధారం లేదు.

కొల్లేటి తేమకి రేకు నిలవదు. చెరువు గట్టు మీద టార్పాలిన్ కప్పి వదిలేసిన జీపు నాలుగు వానాకాలాలకే కింది నుంచి రాలిపోతుంది. దాన్ని కాపాడమని అందరినీ అడగడం న్యాయం కాదు. ఖర్చుతో కూడిన పని. ఇంట్లో తాతగారి నాటి బండి ఉంటే, తుక్కు కొనేవాడు తాడు కట్టేముందు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీయండి. ఆర్సీ పుస్తకం ప్రతి పేజీ జిరాక్సు తీయించండి. ఆ బండి పక్కన నిలబడి దిగిన ఫొటోల వెనక ఊరు, సంవత్సరం, మనుషుల పేర్లు రాసి, వాటిని భూమి దస్తావేజులున్న పెట్టెలోనే పెట్టండి.